గడప లేని చెక్క గది

ఎమెట్ ఆ తలుపు ఎడమ అంచు మీద చెయ్యి వేసేసరికి కుడి అంచు మీద అప్పటికే ఇంకో చెయ్యి ఉంది.

నార్‌వెట్ ఊళ్ళో పాత బడిని కూలగొట్టే ముందటి శనివారం అది. పనికొచ్చేవి ఏమున్నా సాయంత్రం నాలుగులోగా పట్టుకుపొమ్మని కాంట్రాక్టరు గేటుకి కాగితం అంటించాడు. నవంబరు చలిని లెక్కచెయ్యకుండా సగం ఊరు అక్కడే ఉంది. ఇద్దరు ముసలాళ్ళు నల్లబల్లని పాడె మోసినట్టు మోసుకుపోతున్నారు. ఒకావిడ తను మూడో తరగతిలో కూర్చున్న బెంచీ కోసం గదులన్నీ గాలిస్తోంది. ఎమెట్ మాత్రం తిన్నగా నర్సు గది దగ్గరికి వచ్చాడు. స్ట్రెచర్ పట్టాలని ఆ ఒక్క గదికే పెద్ద తలుపు పెట్టించారట.

"ఇది నాది," అంది కుడి చేతి మనిషి. ఎర్ర ఉన్ని టోపీ, దాని కిందనుంచి తప్పించుకొచ్చిన రెండు జడ పాయలు, చలికి టోపీతో పోటీపడుతున్న ముక్కు.

"నేను పొద్దున్నే చూసి పెట్టుకున్నానండీ. స్క్రూడ్రైవర్ కోసం వెళ్ళొచ్చాను," అన్నాడు ఎమెట్. అందులో స్క్రూడ్రైవర్ ఒక్కటే నిజం.

ఆమె కోటు జేబులో చెయ్యి పెట్టి ఏదో గలగలలాడించింది. "మరి పై బందు మరలు నా జేబులోకి ఎలా వచ్చాయి?"

ఎమెట్ పైకి చూశాడు. పై బందుకి ఒక్క మర కూడా లేదు. అబద్ధమాడి దొరికిపోయిన వాడికి సర్దుకునే దారి ఒకటే, నిజం చెప్పేయడం. చెప్పేశాడు. తను ఆరున్నర అడుగుల మనిషి. చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి పెట్టుకునే చెక్క గదులకి ఎవరూ అయిదున్నర అడుగులకి మించి తలుపు పెట్టరు. పోయిన చలికాలం పక్క జిల్లాలో ఉండగా ముగ్గురు స్నేహితుల గదుల్లో మూడుసార్లు నుదురు పగలగొట్టుకున్నాడు. ఈసారి తల వంచకుండా నడిచి వెళ్ళే గది సొంతంగా కట్టుకోవాలని ఒట్టు పెట్టుకున్నాడు.

"చేపలు బాగా పడతారా?" అని అడిగింది ఆమె.

"ఇంకా రాదు. నుదురు పగలడం వరకే వచ్చింది."

ఆమె నవ్వు ఆపుకోవడానికి తలుపు వైపు తిరిగింది. తను కూడా చెక్క గదే కట్టబోతోందని చెప్పింది. అతనికి ఎత్తు కావాలి, ఆమెకి వెడల్పు కావాలి. ఊరంతా వెతికినా రెండూ ఉన్న తలుపు ఇదొక్కటే. తలుపుని నిలువునా కొయ్యలేరు, అడ్డంగానూ కొయ్యలేరు.

"ఒక గదే కడితేనో?" అన్నాడు ఎమెట్. అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. మూడు నెలల కింద ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచి కొత్త మనిషితో అతను మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

ఆమె అతన్ని కిందనుంచి పై దాకా చూసింది. అంత పొడవు చూడ్డానికి కాస్త టైం పట్టింది. ఏమున్నాయి మీ దగ్గర అని అడిగింది, పెళ్ళివారు అడిగినట్టు. ఎమెట్‌ది కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం. పాతబడి దింపేసిన స్తంభాల అడ్డదూలాలు కావలసినన్ని ఉన్నాయి, మంచు మీద లాక్కెళ్ళడానికి గది కిందకి జారుడు కమ్ములుగా సరిపోతాయి. పొయ్యి చేసుకోవడానికి ఒక ఇనుప పీపా ఉంది. నిచ్చెన లేకుండా కప్పు వేయగలడు. ఆమె పేరు సిగ్నీ, బడి బస్సు నడుపుతుంది. పాడైపోయిన బస్సు కిటికీలు ఆరు, తుక్కుకి వేసిన క్యాంపర్ బండి చట్రం, బస్సుల షెడ్డులో ఒక మూల ఆమె వైపు నుంచి వచ్చాయి.

"కొలతలు మాత్రం నేను చెప్పినట్టే ఉండాలి," అంది సిగ్నీ. "హాల్వర్‌కి కుదరాలి కదా."

హాల్వర్ ఎవరని అడగాల్సిన చోటు అదే. ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ అక్కడే తేలిపోయేది. ఎమెట్ అడగలేదు. ఆమె చెప్పలేదు, ఎందుకంటే హాల్వర్ ఎవరో తెలియని మనిషి నార్‌వెట్‌లో ఉంటాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

సోమవారం నుంచి పని మొదలైంది. సిగ్నీ బడి పిల్లలందరినీ ఇళ్ళ దగ్గర దించి బస్సు షెడ్డులో పెట్టేసరికి నాలుగయ్యేది. ఎమెట్ పని దిగి అయిదు నిమిషాల్లో అక్కడుండేవాడు. మొదటి వారం తర్వాత ఆ అయిదు నిమిషాలు కూడా పట్టేవి కావు.

నేలకి బడి ఆటల హాలు పలకలు వేశారు. బాస్కెట్‌బాల్ కోర్టు నీలం గీత ఒకటి గది మధ్యలోంచి వంకరగా పోయింది. గోడలకి బయట కూలిన పశువుల కొట్టం బల్లలు, లోపల చలి ఆగడానికి ఎన్నికలైపోయాక మిగిలిపోయిన ప్లాస్టిక్ బోర్డులు. జిల్లా షెరీఫ్ పదవికి నిలబడి ఓడిపోయిన ఒకాయన బోర్డు మీది ఫోటోలో తలుపు పక్కనుంచి ఇరవై నాలుగ్గంటలూ నవ్వుతూ ఉండేవాడు. ఆయన మొహం మీద మేకు కొట్టడానికి సిగ్నీకి చెయ్యి రాలేదు. అందుకని చెవి మీద కొట్టింది.

ఆమె మరలన్నీ పెదాల మధ్య పట్టుకుని, వాటి సందులోంచే మాట్లాడేది. సగం మాటలు అర్థమయ్యేవి కావు. అర్థం కాని సగానికి కూడా ఎమెట్ తల ఊపేవాడు. బస్సు నుంచి తీసిన పెద్ద అద్దం ఒకటి షెడ్డు గోడకి తగిలించి ఉండేది. వెనక్కి తిరక్కుండా అద్దంలో చూసే అలవాటు ఆమెది. పిల్లలు దానికి దడుచుకుంటారని ఊళ్ళో చెప్పుకునేవారు. ఎమెట్ కప్పు మీద పని చేస్తూ ఎప్పుడు తల తిప్పినా అద్దంలో ఆ కళ్ళు కనిపించేవి. దొరికిపోయినప్పుడల్లా ఆమె "నీ గీత వంకరగా పోతోంది" అనేది. రెండో వారం మధ్యలో ఒకరోజు మీరు పోయి నువ్వు వచ్చిందని అతను గమనించాడు. ఆ రోజు తేదీ కూడా గుర్తు పెట్టుకున్నాడు.

అంతా బాగానే ఉండేది, హాల్వర్ లేకపోతే.

కిటికీలు నేల నుంచి ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తులో పెట్టమంది. మరీ కిందకి కదా అంటే, హాల్వర్‌కి అదే సరిపోతుందంది. కోట్లు తగిలించే కొక్కేలు ఎమెట్ నడుం దగ్గరికి వచ్చాయి. చలిగాలి రాకుండా తలుపు కింద ఎమెట్ ఓపిగ్గా చెక్కి పెట్టిన గడపని చూసి, అది తీసేయమంది.

"గాలొస్తుంది," అన్నాడు ఎమెట్.

"రబ్బరు పట్టీ వేద్దాం. గడప ఉంటే ఆయన రాలేడు."

మూడంగుళాల గడప దాటలేని మగవాడా అనుకుంటూ ఎమెట్ ఉలి తీసుకున్నాడు. ఎడమ గోడ వెంబడి బెంచీ వేయబోతే అదీ వద్దంది. "అక్కడ ఖాళీ వదిలెయ్. హాల్వర్ తన కుర్చీలోనే వస్తాడుగా."

ఎమెట్ మనసులో ఆ మనిషి బొమ్మ కొద్దికొద్దిగా తయారైంది. పొట్టి. అంత వెడల్పు తలుపు కావాలంటే బాగా లావు. కాలెత్తడానికి బద్ధకం. పైగా ఎక్కడికెళ్ళినా సొంత కుర్చీ వెంట ఉండాలి, రాజుగారు. అలాంటివాడి కోసం ఈ అమ్మాయి వేళ్ళు కందిపోయేలా పలకలు రాస్తోంది. పైగా ఆ పేరు ఎత్తినప్పుడల్లా ఆమె గొంతు కొంచెం మెత్తబడుతుంది. "ఇంకా ఉంటే ఆయన నాకోసం తినకుండా కూర్చుంటాడు" అని ఆరు కాగానే వెళ్ళిపోతుంది. ఆయన, ఆయన. ఒకే ఇంట్లో ఉంటున్నారన్నమాట.

ఒక ఆదివారం ఎరలూ కాఫీ అమ్మే బెర్నిస్ కొట్లో కూర్చుని, కప్పులోకి చూస్తూ, సిగ్నీ వాళ్ళింట్లో హాల్వర్ అని ఎవరో ఉన్నారట కదా అని ఎమెట్ కదిపాడు. బెర్నిస్ మొహం వెలిగిపోయింది. హాల్వర్ బంగారం లాంటి మనిషట. ఆ పిల్ల లేకపోతే ఆయన ఏమైపోయేవాడో అట. ఆయన్ని వదిలిపెట్టి ఒక్క రోజు పై ఊళ్ళో ఉండి ఎరగదట. ఇంకో కప్పు పొయ్యనా అంది బెర్నిస్. వద్దని లేచొచ్చేశాడు.

మామూలుగా అయితే ఇలాంటప్పుడు మనిషి పని మీద మనసు పెట్టడు. ఎమెట్ దానికి వ్యతిరేకం. గుండెలో ఎంత బరువుంటే చెయ్యి అంత శుభ్రంగా పనిచేసేది. గాలం వేయడానికి గది నేలలో కోసిన కన్నాలకి మూతలు చేసి, చేతికి గుచ్చుకోకుండా అంచులు గుండ్రంగా రాశాడు. కొక్కేల మొనలు మొద్దు చేశాడు. కిటికీకి చల్లగాలి సందు లేకుండా ఉన్ని కుక్కాడు. ఆ పొట్టివాడి మోకాళ్ళకి చలి తగిలితే ఆమె బాధపడుతుంది, అంతే. డిసెంబరు రెండో వారానికి పొగగొట్టం ఒక్కటే మిగిలింది. ఆ రోజు సుత్తి కింద పెట్టి, గదిలో తన వాటా వద్దన్నాడు.

సిగ్నీ నోట్లో మరలు తీసి అరచేతిలో పోసుకుంది. "వద్దంటే?"

"హాల్వర్ కోసం కట్టాం. మీరిద్దరూ కూర్చోండి. మధ్యలో నేనెందుకు?"

ఆమె మరలు ఒక్కొక్కటే డబ్బాలో వేసింది. షెడ్డు రేకుల మీద మంచు పొడి రాలుతున్న చప్పుడు వినిపించింది. "ఆయన పక్కన కూర్చోవడం నీకు ఇష్టం లేదన్నమాట," అంది.

"ఏ మగాడికి ఇష్టంగా ఉంటుంది చెప్పు?"

"ఊళ్ళో సగం మందికి," అంది సిగ్నీ. ఆమె పెదాలు తెల్లబడ్డాయి. "నువ్వు అలాంటివాడివని అనుకోలేదు ఎమెట్. మొదటి రోజే చెప్పి ఉంటే ఆ తలుపు ఇంకెవరితోనైనా మోయించుకునేదాన్ని."

ఊళ్ళో సగం మందికి ఇష్టమేమిటో అర్థం కాక, అడిగే ధైర్యమూ లేక ఎమెట్ టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

మరుసటి గురువారం వాన కురిసింది. డిసెంబరులో ఆ ఊళ్ళో వాన పడిందంటే కరెంటువాళ్ళకి నిద్ర ఉండదు. పడిన చుక్క పడినట్టు తీగ మీద గడ్డకడుతుంది. బరువుకి కొమ్మలు విరుగుతాయి, తీగలు తెగుతాయి. రెండు రోజులు ఎమెట్ స్తంభాల మీదే బతికాడు. శనివారం మధ్యాహ్నానికి మిగిలింది సరస్సు దారిలో చివరి ఇల్లు ఒకటే. విరిగిన బర్చ్ చెట్టు కొమ్మని కోసి తీశాడు, తీగ అతికాడు, కరెంటొచ్చిందో లేదో అడుగుదామని తలుపు దగ్గరికి నడిచాడు. మెట్లు లేవు. వాటి బదులు ఏటవాలుగా ఒక చెక్క బాట ఉంది.

తలుపు తీసింది చక్రాల కుర్చీలో ఉన్న పెద్దమనిషి. తెల్ల గడ్డం, పడవ తెడ్లలాంటి చేతులు, కుర్చీలో పట్టని భుజాలు. కరెంటొచ్చిందనీ, ఫ్రిజ్ మళ్ళీ గురక పెడుతోందనీ, లోపలికొచ్చి కాఫీ తాగి పొమ్మనీ అన్నాడు. ఎమెట్ మొహమాటంగా లోపలికి అడుగేసి, గుమ్మానికి నుదురు ఠాప్‌మని కొట్టుకున్నాడు.

"నిలబడే రోజుల్లో నేనూ వారానికోసారి కొట్టుకునేవాణ్ణి," అన్నాడు పెద్దాయన సానుభూతిగా. "నా పేరు హాల్వర్."

ఎమెట్ నుదుటి మీద చెయ్యి అక్కడే ఉండిపోయింది.

గోడ మీద ఫోటోలో రెండు జడల చిన్నపిల్ల తన పొడవున్న చేపని ఎత్తి పట్టుకుని ఉంది. వెనక ఒక నవ్వుతున్న ఆడమనిషి, పక్కన నల్ల గడ్డంతో ఇదే మనిషి. ఎమెట్ ఫోటో వంక చూశాడు. కుర్చీ చేతుల వంక చూశాడు. కూర్చున్న మనిషి కంటికి కిటికీ ఎంత కిందకి ఉండాలో, చెయ్యి చాపితే కొక్కెం ఎక్కడ అందాలో, చక్రానికి గడప ఎందుకు అడ్డమో, బెంచీ ఎందుకు వద్దో, అన్నీ వరసగా వచ్చి అతని ముందు నిలబడ్డాయి. కాఫీ కప్పు అందుకున్నాడు గాని తాగడం మర్చిపోయాడు.

"సిగ్నీ మీకు..."

"కూతురు. వాళ్ళమ్మని చేసుకున్నప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. నిన్నేమని పిలవాలి అని అడిగింది. నా పేరు హాల్వర్ అన్నాను. అప్పట్నుంచీ అంతే. వాళ్ళమ్మ పోయి నాలుగేళ్ళయినా మా ఇద్దరికీ ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకోవడానికి కొదవ లేదు." కాఫీ ఊదుకుంటూ హాల్వర్ అతన్ని పరికించాడు. "దాంతో కలిసి చెక్క గది కడుతున్న పొడుగోడివి నువ్వేనా? నేను నిద్రపోతున్నాననుకుని టేపు పెట్టి నా మోకాళ్ళు కొలిచింది. నేను కళ్ళు మూసుకునే నవ్వుకున్నాను."

ఆ తర్వాత నవ్వడం మానేసి మిగతాది చెప్పాడు. రెండేళ్ళ కింద ఇంటి కప్పు మీది మంచు తోస్తూ జారి పడ్డాడు. ఆ తర్వాతి చలికాలం స్నేహితులు పట్టుబట్టి, మంచు మీద జారే స్లెడ్జి బండి మీద సరస్సు మీదకి లాక్కెళ్ళారు. వాళ్ళ గది తలుపులో కుర్చీ పట్టలేదు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి ఎత్తి లోపల కూర్చోబెట్టారు.

"మంచివాళ్ళే. ఒక్క మాట అనలేదు. కానీ నన్ను బంగాళాదుంప బస్తాలా దింపారు బాబూ. యాభై ఏళ్ళు నా కాళ్ళ మీద నడిచిన సరస్సు అది. మళ్ళీ అలా వెళ్ళను." కప్పు బల్ల మీద పెట్టాడు. "ఆ మాట నేను చెబితే అది ఏడుస్తుంది. నువ్వు చెప్పు."

ఎమెట్ అక్కణ్ణుంచి తిన్నగా షెడ్డుకి వెళ్ళాడు. సిగ్నీ మంచులో జారకుండా బస్సు చక్రాలకి గొలుసులు తొడుగుతోంది. అతన్ని అద్దంలో చూసింది గాని తిరగలేదు. ఎమెట్ గొంతు సవరించుకుని మొత్తం చెప్పేశాడు. తను హాల్వర్‌ని ఏమనుకున్నాడో, పొట్టి అనీ లావు అనీ బద్ధకస్తుడనీ ఎలా ఊహించుకున్నాడో, ఆ పొట్టివాడికి మోకాళ్ళు చల్లబడకూడదని ఉన్ని ఎలా కుక్కాడో, ఒక్కటీ దాచలేదు.

సిగ్నీ చేతిలో గొలుసు కింద పడింది. మొదట మొహం చేతుల్లో దాచుకుంది. ఆ తర్వాత భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమోనని ఎమెట్ కంగారుపడి దగ్గరికి వెళ్ళాడు. ఆమె బస్సు మెట్టు మీద కూలబడి కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. నవ్వు ఆగినట్టే ఆగి, "సొంత కుర్చీ" అని గుర్తొచ్చి మళ్ళీ మొదలయ్యేది. చివరికి ఊపిరి తీసుకుని, కుంటి మనిషి పక్కన కూర్చోవడం నామోషీ అనుకున్నావేమోనని వారం రోజులుగా నిన్ను తిట్టని తిట్టు లేదంది. హాల్వర్ తనకి మొగుడనుకుంటే మాత్రం వాటా వదులుకునేంత కష్టం నీకెందుకొచ్చిందని అడిగింది.

ఆ ప్రశ్నకి ఎమెట్ దగ్గర జవాబు ఉంది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ అంతకన్నా ముందు చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది, హాల్వర్ పంపిన మాట. అది చెప్పాడు.

సిగ్నీ నవ్వు చప్పున ఆరిపోయింది. గది వైపు నడిచి, గడప లేని గుమ్మంలో నిలబడి నీలం గీత వంక చూస్తూ ఉండిపోయింది. "బస్తాలాగా దింపారని నాకు చెప్పనే లేదు," అంది. "చలికి కాళ్ళు నొప్పులని చెప్పాడు."

 కట్టినదాన్ని షెడ్డులో ఉంచి ఏం చేస్తాం, సరస్సు మీద పెడదాం, కనీసం ఆయన కిటికీలోంచి చూస్తాడు అన్నాడు ఎమెట్.

బుధవారం అతనికి సెలవు. సిగ్నీ బస్సు మీద ఉంది. సరస్సు మీద మంచు పదహారు అంగుళాల మందాన గట్టిపడింది, ట్రక్కులు కూడా తిరుగుతున్నాయి. ఎమెట్ గదిని తన ట్రక్కుకి కట్టి సరస్సు మీదకి లాక్కెళ్ళి, హాల్వర్ ఇంటికి ఎదురుగా, చూడ్డానికి ఎక్కడ అందంగా ఉంటుందో అక్కడ ఆపాడు. మంచు తొలిచే బర్మా తీసి కన్నం పెట్టబోతుంటే జేబులో ఫోను మోగింది.

"అక్కడేం చేస్తున్నావ్?" అంది హాల్వర్ గొంతు. నంబరు బెర్నిస్ ఇచ్చిందట. దుర్భిణిలోంచి పావుగంటగా చూస్తున్నాడట.

"గది పెడుతున్నానండీ."

"అక్కడ నీళ్ళు నాలుగడుగులు. చేపలు కాదు, కప్పలు నిద్రపోతుంటాయి. వాటిని లేపకు. ఇంకా ముందుకి పో."

ఎమెట్ ముందుకి పోయాడు. ఎడమకి తిరగమన్నాడు, తిరిగాడు. మరీ తిరిగావన్నాడు. నీళ్ళ అడుగున ఉన్న రాతి గట్టు కింద పద్దెనిమిది అడుగుల లోతులో వాలై చేపలు సాయంత్రం పూట పైకొస్తాయి, ఆ గట్టు అంచు మీద ఉండాలి, అటు నలభై అడుగులు పోతే బురద, ఇటు నలభై అడుగులు వస్తే ఏమీ లేదు. అదెక్కడుందో మంచు మీద గుర్తేమీ ఉండదు. హాల్వర్ తలలో ఉంది. గంటన్నర అలా అటూ ఇటూ లాగాక చలికి ఫోను చచ్చిపోయింది.

ఇక చేసేది లేక ఎమెట్ తోచిన చోట కన్నం తొలిచి, దాని పక్కన కూర్చుని కాఫీ పోసుకున్నాడు. నాలుగు దాటాక ఒడ్డు నుంచి సిగ్నీ ట్రక్కు వస్తూ కనిపించింది. ముందు సీట్లో ఇద్దరున్నారు.

ట్రక్కు ఆగింది. హాల్వర్ కిటికీ అద్దం దించి, ఎమెట్ వంక కాదు, ఆవలి ఒడ్డు మీది రెండు పైన్ చెట్ల వంకా, ఊరి నీళ్ళ ట్యాంకు వంకా చూసి చోటు లెక్కగట్టాడు. "గుర్రపు బండిలా అటూ ఇటూ లాగావు దీన్ని, చూస్తూ ఇంట్లో కూర్చోలేకపోయాను. ఇంకో అరవై అడుగులు వెనక్కి పెట్టు," అన్నాడు.

పెట్టారు. మూడు కన్నాలు తొలిచారు. సిగ్నీ ట్రక్కు వెనకనుంచి కుర్చీ దింపి, గుమ్మానికి వెడల్పాటి పలక ఆనించింది. హాల్వర్ చేతుల బలంతో సీట్లోంచి కుర్చీలోకి మారాడు. ఎమెట్ ఒక అడుగు ముందుకేశాడు. సిగ్నీ కంటితో వద్దంది.

హాల్వర్ పలక మీదుగా చక్రాలు తోసుకుంటూ వచ్చాడు. గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, అలవాటుగా గడప కోసం కిందకి చూశాడు. లేదు. కుర్చీకి ఆ పక్కా ఈ పక్కా అరచెయ్యి పట్టేంత చోటుంది. చక్రాలు ఒక్కసారి తోశాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

 హాల్వర్ కోటు విప్పి, చెయ్యి చాపి కొక్కేనికి తగిలించాడు. కిటికీలోంచి ఒడ్డు చూశాడు. వంగి మూత తీశాడు, నల్లటి నీళ్ళలో వేళ్ళు ముంచాడు. మూత అంచు చుట్టూ బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చాడు.

"దీన్నిలా ఎవరు రాశారు?"

"నేనేనండి," అన్నాడు ఎమెట్ గుమ్మంలోంచి.

"ఎవరికోసం అనుకుని?"

ఎమెట్ సిగ్నీ వైపు చూశాడు. ఆమె పెదవి కొరుక్కుంది. "ఒక పొట్టి, లావు మనిషి కోసం అండీ," అన్నాడు.

హాల్వర్‌కి అర్థం కాలేదు. సిగ్నీ అర్థమయ్యేలా చెప్పింది, కొంచెం ఎక్కువగానే చెప్పింది. హాల్వర్ నవ్వుకి కింద నీళ్ళు కూడా కదిలాయి. కళ్ళు తుడుచుకున్నాడు, ఆ తుడుచుకోవడం కాసేపు ఆపలేదు. ఆ తర్వాత గాలానికి ఎర గుచ్చి వేసి, బెండు నీళ్ళ మీద నిలబడ్డాక, ఇంత చిన్న గదిలో ముగ్గురు ఊపిరి తీస్తుంటే చేపలు భయపడతాయనీ, మీరిద్దరూ బయట ఇంకో కన్నం తొలవండనీ అన్నాడు.

"మూడున్నాయిగా," అంది సిగ్నీ.

"నాలుగోది కావాలి."

బయట గాలి ఆగిపోయింది. పడమట ఎండ సరస్సు చివర్న నారింజ రంగు గీతలా మిగిలింది. ఎక్కడో మంచు కింద నీళ్ళు సర్దుకుంటూ పొడుగ్గా మూలిగాయి. ఎమెట్ బర్మా నిలబెట్టాడు గాని తిప్పలేదు.

"మొన్న ఒకటి అడిగావు," అన్నాడు.

"అడిగాను."

"హాల్వర్ నీ మొగుడైతే నాకెందుకు కష్టమని." చేతి తొడుగు తీసి మళ్ళీ తొడుక్కున్నాడు. "నాలుగ్గంటలెప్పుడవుతుందా అని స్తంభం మీద వాచీ చూసుకుంటూ ఉంటాను సిగ్నీ. నవంబరు నుంచీ అంతే. పనైపోతే ఇంకెందుకు రానిస్తావని, ఒక కిటికీ రెండుసార్లు విప్పి బిగించాను. నిన్ను పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఇప్పుడే జవాబు చెప్పక్కర్లేదు."

"ఆ కిటికీ నేను మూడుసార్లు తప్పు కొలిచాను," అంది సిగ్నీ. "కొలవడం నాకు రాదనుకున్నావా?"

ఎమెట్ ఆమె వంక చూశాడు. కనురెప్పల మీద మంచు మెరుస్తోంది. అద్దం లేదు, ఆమె సూటిగానే చూస్తోంది. దగ్గరికి వచ్చి అతని కోటు కాలరు పట్టుకుని కిందకి లాగింది, ఎందుకంటే ఆ ఎత్తుకి వేరే దారి లేదు. అతని మీసం మీద గడ్డకట్టిన ఊపిరి ఆమె పెదాల మీద కరిగింది. బర్మా పక్కకి పడిపోయింది. ఎవరూ దాన్ని తీయలేదు.

"సరే అని కదా?" అన్నాడు, కొంతసేపయ్యాక.

"సరే అనే. మళ్ళీ ఏదో ఊహించుకోకు."

ఇద్దరూ లోపలికి వచ్చేసరికి పొయ్యి వెచ్చగా బుసకొడుతోంది. హాల్వర్ నీళ్ళ వైపే చూస్తున్నాడు, తల తిప్పలేదు.

"అడిగాడా?" అన్నాడు.

"అడిగాడు," అంది సిగ్నీ.

"ఏమన్నావ్?"

"సరే అన్నాను హాల్వర్."

హాల్వర్ తల ఊపాడు. గడ్డంలో ఎక్కడో నవ్వు కదిలింది. చేత్తో కుడి గోడ వెంబడి ఉన్న ఖాళీ బెంచీ చూపించాడు.

"మంచి పని చేశావ్. కూర్చోండి. కూర్చుని ఇద్దరూ నోరు మూసుకోండి, బెండు మునుగుతోంది."